బస్సెక్కిన సూర్యోదయం

మా బావ చిత్రకళాభ్యాసం మార్కాపురం పలక మీద మొదలైంది. ఎక్కాలు రాయమంటే ఒంగోలు గిత్తను గీసేవాడు. మూపురానికే పలకంతా సరిపోవడంతో తలను చెక్క చట్రం మీదికి ఎక్కించేవాడు. మీసాలు మొలిచాక ఎన్నికల గోడలు దొరికాయి. ఏ పార్టీ గుర్తు వేయమన్నా దాని వెనక ఒక కొండ, పక్కన ఒక తాటిచెట్టు చేర్చేవాడు కాబట్టి, గుర్తుకన్నా తాటిచెట్టే బాగా కనబడుతోందని నాయకులు కూలి తగ్గించి ఇచ్చేవారు. ఆ తరువాత చిత్రకళ చదివాడు, ఉదయగిరి దుర్గాన్నీ, కంభం చెరువునూ గీసి అమ్ముకునే స్థాయికి వచ్చాడు. బంధువులు మాత్రం ఇప్పటికీ ఇంటి గుమ్మానికి పేరు రాసిపెట్టమనే అడుగుతారు.

ఆయన నెల్లూరు ప్రదర్శన కోసం మైపాడు తీరంలో సూర్యోదయాన్ని తైలవర్ణాలలో వేశాడు. నీటిరంగులైతే నీరు ఆవిరి కాగానే ఆరిపోతాయి. తైలవర్ణాలలోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి, దానికి రోజులు పడుతుంది. అందులోనూ మాంగనీసు ఉండే అంబర్ గోధుమరంగు తొందరగా ఆరుతుంది, కాడ్మియం పసుపూ ఎరుపూ తీరిగ్గా ఆరుతాయి. అందువల్ల ఇసుకా పడవలూ ఆరిపోయినా, కత్తితో మందంగా మెత్తిన సూర్యుడు పచ్చిగానే ఉండిపోయాడు. బావ ఇసుకను వేలితో తాకి, చిత్రమంతా ఆరిందని తీర్పు చెప్పి, కాగితం చుడితే ఎక్కడైనా అంటుకుంటుందేమోనన్న ముందుజాగ్రత్తతో ఏమీ చుట్టకుండానే బస్సెక్కాడు.

ఇందుకూరుపేట దాటాక డ్రైవరు బర్రెలకోసం బ్రేకు వేశాడు. కూతురికి సంబంధం చూడటానికి గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని బయలుదేరిన ఒక భారీ పెద్దమనిషి ముందు నిలబడి ఉన్నాడు. చిత్రం ఆయన వీపును ఆప్యాయంగా హత్తుకుని వెనక్కి వచ్చింది.

"పెద్దాయనా, నీ వీపు మీద పొద్దు పొడిచింది," అన్నది వెనక సీటులోని అవ్వ.

ఆయన చెయ్యి వెనక్కి పోనివ్వబోయాడు.

"తుడవబాకండి! ఇంకా పచ్చిగా ఉంది," అని బావ ఆర్తనాదం చేశాడు. చొక్కా గురించి కాదు, సూర్యుడి గురించి. ఉన్నంతవరకైనా తిరిగి గీరుకుందామని సంచిలోంచి రంగులు కలిపే కత్తి తీసి ఆ వీపు దగ్గరికి వంగాడు. అది వెన్నను కూడా సరిగా కోయలేని మొద్దు కత్తి అని చిత్రకారులకు తెలుసు గానీ బస్సులో వాళ్లకెట్టా తెలుస్తుంది? కండక్టరు విజిల్ ఆపకుండా ఊదాడు, అవ్వ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది.

బస్సు ఆగాక జరిగిన పంచాయితీలో, పెళ్లివారింటికి పోవలసిన మనిషిని సూర్యుడితో పంపడం భావ్యం కాదని ప్రయాణికులు ఏకగ్రీవంగా తేల్చడంతో, ఇద్దరూ చొక్కాలు మార్చుకోవలసి వచ్చింది. బావ చొక్కా ఆయనకు బొత్తాలు పట్టలేదు, అందుకని కండువా అడ్డం వేసుకుని దిగిపోయాడు.

మోకాళ్లదాకా దిగిన తెల్లచొక్కాతో బావ ప్రదర్శనకు చేరి, సూర్యుడు లేని సూర్యోదయం పక్కన గోడకు వీపు ఆనించకుండా నిలబడ్డాడు. చూడవచ్చిన ఒకాయన పటాన్ని చూసి, బావను ఒకసారి వెనక్కి తిరగమని, చొక్కాతో కలిపి ఎంతకిస్తావని అడిగాడు.