ఊరికిచ్చిన భూమి కంపెనీ పాలు కాకూడదు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానిది. ఊరు దాటితే చాలు, కనుచూపు మేరా వాషింగ్టన్ భూమే. దాని మీద ఊరికి ఆస్తి పన్ను రాదు. పెద్ద ఎత్తున కావాలంటే చాలాసార్లు కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి. అందుకే "మా చుట్టూ ఉన్న భూమి మాకివ్వండి, నాలుగు పరిశ్రమలు తెచ్చుకుంటాం" అని చిన్న ఊళ్లు అడిగితే నేను వాళ్ల వైపే ఉంటాను.

కానీ నెవాడాలోని యెరింగ్టన్ అనే చిన్న ఊరి సంగతి తలుచుకుంటే కడుపు మండిపోతుంది. జనాభా 3 వేల చిల్లర. 1953 నుంచి 1978 దాకా అక్కడ అనకొండ గనిలో రాగి తవ్వారు. గని మూతపడ్డాక మిగిలింది పెద్ద గొయ్యి, దాంతోపాటు యురేనియం, ఆర్సెనిక్ కలిసిన భూగర్భ జలం. అంత దెబ్బ తిన్న ఊరు మళ్లీ రాగినే నమ్ముకుంది. దగ్గర్లోని పంప్‌కిన్ హాలో గని చుట్టూ సుమారు 10 వేల ఎకరాల ఫెడరల్ భూమిని ఊరికి బదిలీ చేసేందుకు 2014 డిసెంబర్‌లో చట్టం వచ్చింది. ఉద్యోగాలొస్తాయని ఊరంతా ఆశపడింది. 2019 చివర్లో ఉత్పత్తి మొదలైంది, కొన్ని నెలలకే కోవిడ్‌తో ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ తడబడింది. 2024 జూన్‌లో ఆ గనిని నడిపిన నెవాడా కాపర్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

మనకిది కొత్తా? ఉమ్మడి అనంతపురం జిల్లాలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. హబ్ రాలేదు, భూములు మాత్రం బ్యాంకుల్లో తాకట్టుకెళ్లాయి. ఆ నేలను నమ్ముకున్న రైతుల గురించి ఎవరు అడిగారు?

నా గొడవ బదిలీతో కాదు, షరతుల్లేని బదిలీతో. 1926 నాటి ఒక అమెరికా చట్టం కింద బడికో పార్కుకో ఫెడరల్ భూమి ఇస్తే, దాన్ని ఆ పనికి వాడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. బడికి పెట్టే షరతు ఫ్యాక్టరీకి ఎందుకు పెట్టరు? ఊరు భూమిని అమ్మకుండా లీజుకివ్వాలి. కంపెనీ పోయినా నేల ఊరి చేతిలోనే మిగలాలి.

డబ్బు సంగతీ అంతే. లాస్ వేగాస్ చుట్టుపక్కల భూముల వేలం కోసం 1998లో చేసిన చట్టంలో, వచ్చిన డబ్బులో 5 శాతం రాష్ట్ర విద్యా నిధికి, 10 శాతం నీటి సంస్థకు అని రాశారు. మిగతాదీ ఎక్కువగా నెవాడాలోనే ఖర్చవుతోంది. 2025లో కాంగ్రెస్‌లో వచ్చిన అమ్మకం ప్రతిపాదనల్లో మాత్రం రాబడిలో సింహభాగం ఫెడరల్ ఖజానాకే. అన్ని వైపుల నుంచీ వ్యతిరేకత వచ్చి అవి ఆగాయి గానీ, మళ్లీ రావని నేననుకోను.

అక్కడ ఓటున్న మనవాళ్లకు ఒక్క విన్నపం. ఈసారి అలాంటి బిల్లు వస్తే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి రెండే అడగండి. కంపెనీ మూతపడితే భూమి ఎవరిది? అమ్మిన డబ్బు ఏ ఖాతాలోకి?