బఠాణీ గింజంత అన్యాయం

తెలుగువాళ్లకి ఈమధ్య కాలంలో జరిగిన అవమానాల్లో పెద్దది ఏది అని ఎవరైనా అడిగితే నేను నీళ్ల పంపకాల జోలికి వెళ్లను, సినిమా టికెట్ల రేట్ల జోలికీ వెళ్లను. నేరుగా స్కిన్ డాక్టర్ల మీదకి వెళ్తాను. మొటిమలకి మందు రాసి, చీటీ చేతిలో పెడుతూ వాళ్లు ఒక మాట అంటారు: "రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని రాయండి." ఒక్కో బుగ్గకి బఠాణీ గింజంతా అని అడిగితే కాదట, మొత్తం ముఖానికట. నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం, అందరూ అందులోనే సర్దుకోవాలి. ముద్దపప్పు మీద నెయ్యి వేస్తూ "చాలు చాలు" అన్నాక కూడా ఇంకో గరిటె వేసే ఇళ్లల్లో పుట్టి పెరిగినవాళ్లతో మాట్లాడే పద్ధతేనా ఇది? డబ్బులు మనవి, ట్యూబు మనది, ముఖం మనది. కొలత మాత్రం వాళ్లది.

ఆ మందుని రెటినాయిడ్ అంటారు. విటమిన్ ఎ వంశం. చీటీ మీద ట్రెటినాయిన్ అనో, అడాపలీన్ అనో, టాజరోటీన్ అనో ఉంటుంది, జెల్, క్రీమ్, లోషన్ ఇలా రకరకాల వేషాల్లో వస్తుంది. ట్రెటినాయిన్‌ని మొటిమల మీదకి పంపినవాడు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మ డాక్టరు. 1971లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. అంటే ఈ మందుకి యాభై ఏళ్లు దాటాయి. ఈ యాభై ఏళ్లలో మన ఫోన్లు పెరిగాయి, పెళ్లి భోజనాల్లో ఐటమ్స్ పెరిగాయి, ఆ బఠాణీ మాత్రం ఉసిరికాయంత కూడా ఎదగలేదు. ఎక్కువ రాస్తే ఎక్కువ పనిచేయదు, ఎక్కువ మండుతుంది, తోలు లేస్తుంది, అంతే అంటారు డాక్టర్లు. ఇదేం వాదనండీ? మండుతోందంటే పనిచేస్తున్నట్టే కదా! మన ఊరగాయలు, మన రాజకీయాలు అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

రెండో అవమానం ఇంకా ఘోరం. మొటిమ ఉన్నచోట మాత్రమే రాయకూడదట. లేనిచోట కూడా రాయాలట. కనిపించని మొటిమకి మందేంటని అడిగామనుకోండి, అప్పుడొక పాఠం మొదలవుతుంది: వెంట్రుక కుదురు లోపల చర్మపు కణాలు మామూలుగా రాలిపోవాల్సింది పోయి ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి, దాని వెనకాల నూనె పేరుకుంటుంది, ఆ నూనెలో బాక్టీరియా కాపురం పెడుతుంది, ఇవాళ అద్దంలో కనిపించే ఎర్రటి మొటిమ కొన్ని వారాల కిందటే కంటికి కనిపించని మూతగా మొదలైంది, రెటినాయిడ్ చేసేది ఆ మూత పడకుండా చూడటం, అందుకే ముఖమంతా పల్చగా రాయాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనం రోడ్డు మీద గుంత పడి, అందులో బండి పడి, బండి మీద మనిషి పడ్డాక గానీ తట్టెడు మట్టి పోయని సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లం. జరగబోయేదానికి ముందే మందు రాయడం మన పద్ధతి కాదు.

ఇక రాసే విధానం చూడండి, సత్యనారాయణ వ్రతానికి కూడా ఇంత నియమం ఉండదు. రాత్రి ముఖాన్ని ఎక్కువ ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడుక్కోవాలి. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో ఆగాలి, తడి చర్మం మీద రాస్తే మంట ఎక్కువ కనక. అప్పుడు ఆ బఠాణీని వేలి మీదకి తీసుకుని నుదుటి మీద ఒక చుక్క, బుగ్గకొక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టుకుని మెల్లగా పరచాలి. కంటి దగ్గరికి పోకూడదు, ముక్కు పక్క మడతల్లోకి పోకూడదు, పెదవుల మూలల్లోకి అసలు పోకూడదు, ఎందుకంటే జారి చేరేది అక్కడికే, ముందు కందేది కూడా అక్కడే. పైన మాయిశ్చరైజర్. చర్మం సుకుమారమైతే మందుకి ముందు ఒక పూత, తర్వాత ఒక పూత. ఇంతా చేసి ఇది రోజూ కాదట! మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు, లేకపోతే వారానికి రెండు రాత్రులు, చర్మం అలవాటు పడ్డాక మెల్లగా పెంచుకుంటూ పోవాలట. మందు కొన్నాక రాయకుండా పడుకోవడానికి మనకేం పిచ్చా? డబ్బు పెట్టి కొన్నది ఒక రాత్రి ఖాళీగా బల్ల మీద కూర్చుంటే మనకి నిద్ర పడుతుందా?

అసలు పరీక్ష రెండో వారంలో. ముఖం ఎర్రబడుతుంది, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, పైగా చాలామందికి మొటిమలు తగ్గకపోగా కొత్తవి కూడా పైకొస్తాయి. ఇది మామూలే, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, మార్పు తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పి ఉంటారు, ఓర్చుకోలేనంత మంటైతే కొన్ని రాత్రులు ఆపి, ఫోన్ చేసి అడగమని కూడా చెప్పి ఉంటారు. కానీ పన్నెండు వారాలంటే మూడు నెలలు. మూడు నెలల్లో మన చుట్టాల్లో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని గృహప్రవేశాలు, ఎన్ని ఓణీల ఫంక్షన్లు! ప్రతిచోటా ఒక పెద్దమ్మ ఉంటుంది. గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి, కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "వేడి చేసిందే పిల్లకి, ఆ ఇంగ్లీషు మందులు మానెయ్యమను" అని తీర్పు చెప్పేస్తుంది. ఆ కోర్టులో అప్పీలు లేదు. చల్లబరచడానికి ముల్తానీ మట్టి వస్తుంది, దాని మీద నిమ్మరసం వస్తుంది, రాత్రికి టూత్‌పేస్ట్ వస్తుంది. అసలే పల్చబడి చిరచిరలాడుతున్న చర్మం మీద నిమ్మరసం పడ్డాక పిల్ల పెట్టే కేక వీధి చివర వరకు వినిపిస్తుంది, దానికి కూడా పెద్దమ్మ దగ్గర సమాధానం ఉంది: "చూశావా, లోపలున్న వేడంతా బయటికి పోతోంది."

పెళ్లి సంగతి వేరే చెప్పుకోవాలి. మన ఇళ్లల్లో మొటిమలు ఏళ్ల తరబడి ఎవరికీ పట్టవు. "పెళ్లైతే అవే పోతాయి" అనే వైద్యం నడుస్తూ ఉంటుంది. ముహూర్తం పెట్టి, శుభలేఖలు అచ్చయ్యాక, ఇంకా పదిహేను రోజులుందనగా డాక్టరు గుర్తొస్తారు. ఆ డాక్టరు పాపం ఇప్పుడు మొదలుపెట్టకండి, పెళ్లి నాటికి పొట్టు లేచే దశలో ఉంటారు అంటే, ఈయనకేం తెలీదని ఇంకో డాక్టరు, ఆయనా అదే అంటే పక్కింటి అమ్మాయి సగం వాడి వదిలేసిన ట్యూబు. దాంతో పిల్ల రోజుకి రెండుసార్లు రాయడం మొదలుపెడుతుంది. వారం తిరక్కుండా పార్లర్ ప్యాకేజీ: ఫేషియల్, బ్లీచ్, పై పెదవికి వ్యాక్సింగ్. రెటినాయిడ్ వాడే చోట వ్యాక్స్ చేయించుకోకూడదు అని ఎవరూ పార్లర్లో చెప్పరు, అడగరు కూడా. వేడి వ్యాక్స్ అంటించి గుడ్డ పట్టీ చర్రున లాగితే నూగుతో పాటు పై తోలు కూడా పట్టీకి అంటుకుని వస్తుంది, మిగిలిన చోట ఎర్రటి గీత, మీసంలాగా. సరే, అయిందేదో అయిందనుకుంటే మర్నాడే నలుగు. శనగపిండి, పసుపు, పైన నువ్వుల నూనె, చుట్టూ అయిదుగురు ముత్తయిదువులు, ఒక్కొక్కరికీ తాము రుద్దితేనే పిల్లకి కళ వస్తుందని గట్టి నమ్మకం. పీటల మీద పిల్ల కళ్లల్లో నీళ్లు చూసి అందరూ అప్పగింతలు తలుచుకుని ఏడుస్తుందనుకుంటారు. ఫోటోగ్రాఫర్ ఆ కన్నీళ్లని స్లో మోషన్లో పెడతాడు.

ఎండ విషయంలో మాత్రం నేను మనవాళ్ల మేధస్సుకి చేతులెత్తి మొక్కుతున్నాను. రెటినాయిడ్ వాడేటప్పుడు చర్మం ఎండకి తొందరగా కందుతుంది, అందుకే మందు రాత్రిపూట, పగలు కనీసం ఎస్పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్, వీలైతే టోపీయో గొడుగో. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ డాక్టరు చెప్పే కొలత బఠాణీ కాదు: చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా నిండుగా పిండుకుని ముఖానికి, మెడకి రాయాలి, బయట తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మనం ఏం చేస్తాం? సన్‌స్క్రీన్ ట్యూబు ధర చూసి గుండె పట్టుకుని, కుంకుమ బొట్టంత తీసి ముఖమంతా సాగదీస్తాం. తగ్గించి రాయమన్నదాన్ని దండిగా, దండిగా రాయమన్నదాన్ని పొదుపుగా. రెండు కొలతలూ మనకి తెలుసు, చోట్లే మారాయి. దీన్ని అజ్ఞానం అనడానికి నాకు మనసొప్పడం లేదు, ఇంత కచ్చితంగా తలకిందులు చెయ్యాలంటే సాధన కావాలి.

ఇంత బాధ ఎందుకు, మెడికల్ షాపు ఉండగా? కౌంటర్ ముందు నిలబడి "అన్నా, మొటిమలకి ఏదైనా మంచిది ఇవ్వు" అంటే చాలు. అన్న ముఖం వైపు ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి ట్యూబు తీస్తాడు. "ఇది రాయి తమ్ముడూ, మూడు రోజుల్లో క్లియర్." నిజంగానే మూడు రోజుల్లో ఎరుపు పోతుంది, తెల్లబడుతుంది, అద్దం కూడా ఆశ్చర్యపోతుంది. ఎందుకు పోదు, అందులో స్టెరాయిడ్ ఉంది మరి! అట్ట మీద డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంత చిన్నవి చదవాలంటే కళ్లజోడు కావాలి, దానికి మళ్లీ ఇంకో డాక్టరు. 1975లో పైన చెప్పిన క్లిగ్‌మన్ గారే మంగు మచ్చల కోసం నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఒక పూత తయారు చేశారు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా కొన్నాళ్లు వాడి ఆపాల్సిన సరుకు అది. దాని తమ్ముళ్లు మన దగ్గర తెల్లబడే క్రీములుగా, మొటిమల క్రీములుగా, పౌడరు కింద రాసే క్రీములుగా ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. నెలలు గడిచేసరికి చర్మం కాగితంలా పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, ఆడపిల్లల గడ్డం మీద నూగు పెరిగి, మందు ఆపితే ముఖం మంటెత్తి, రాస్తే తగ్గి, మళ్లీ ఆపితే మళ్లీ మంట. మొటిమలు కూడా వడ్డీతో వస్తాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ తప్పనిసరి చేసింది. ఆ వార్త మన అన్న దాకా ఇంకా చేరినట్టు లేదు. పాపం, కౌంటర్ దగ్గర రద్దీ.

అమెరికాలో మనవాళ్లు ఉన్న ఇళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని 2016 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు కాబట్టి డిసెంబరులో దిగే సూట్‌కేసులో బాదం, చాక్లెట్లు, నొప్పి మాత్రల మధ్య నాలుగైదు ట్యూబులు కూడా దిగుతాయి. పంపకం ప్రసాదం పద్ధతిలో జరుగుతుంది, ఎవరినీ చిన్నబుచ్చకూడదు. మొటిమలున్న తమ్ముడికొకటి, మొటిమలు ఎప్పుడూ రాని బావగారికొకటి, అయిదో నెల కడుపుతో ఉన్న వదినకొకటి. హాస్యం కాసేపు పక్కన పెట్టి ఈ ఒక్క ముక్క మామూలుగా చెప్తాను: గర్భిణులకి టాజరోటీన్ పనికిరాదు, మిగతా రెటినాయిడ్లు కూడా ఆ నెలల్లో, అంతకుముందు గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు కూడా వద్దనే డాక్టర్లు చెప్తారు. ఎవరైనా వాడుతూ ఉండగా నెల తప్పితే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి, వదిన చేతిలో ట్యూబు ఉంటే మొహమాటపడకుండా వెనక్కి తీసుకోండి. అయిపోయింది, మళ్లీ గంభీరంగా మాట్లాడుకుందాం.

ఇన్ని అడ్డంకులు దాటి, పెద్దమ్మని తప్పించుకుని, అన్న కౌంటర్ ముందు నుంచి తల తిప్పుకుని నడిచి, బఠాణీ దగ్గరే ఆగి, మూడు నెలలు గడిపిన పిల్లలు కూడా కొందరు ఉన్నారు. వాళ్ల ముఖాలు తేటపడ్డాయి. పెద్దమ్మ మళ్లీ గడ్డం పట్టుకుని కిటికీ దగ్గరికి తిప్పి, "చూశావా, నేను చెప్పిన కలబంద ఎంత పనిచేసిందో" అంది. పిల్ల కలబంద ముట్టుకుని రెండు నెలలైంది. అయినా ఎదురు చెప్పలేదు, మంచి పిల్ల.

డాక్టరు మాత్రం అక్కడితో ఊరుకోలేదు. తగ్గిందని ఆపెయ్యకండి, మళ్లీ రాకుండా ఇంకొన్ని నెలలు వాడుతూ ఉండండి అన్నారు. తగ్గిన రోగానికి మందా! ఇల్లంతా నవ్వుకుంది. సగం మిగిలిన ట్యూబు వృథా పోకూడదని అమ్మ మోచేతి నలుపుకి రాసుకుంది, అక్క చంటివాడి చెమటకాయలకి రాయబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. నాన్నగారు పొద్దున్నే బ్లేడుతో గడ్డం గీసుకుని, ఆఫ్టర్ షేవ్ అయిపోయిందని, ఆ ట్యూబులోంచి చేతి నిండా పిండుకున్నారు. సాయంత్రం కుటుంబ సమావేశంలో ఆ మందుని మా వంశంలో ఏడు తరాల వరకు నిషేధించారు.