కూలి బేరంలో ‘కుదరదు’ అనగలిగేది ఎవరు?

జీతం ఎంత, ఓటీ (అదనపు గంటల పని)కి ఎంత, పండగ రోజు పనికి వస్తే ఎంత అన్నవి పనిచేసేవాళ్లూ పని ఇచ్చేవాళ్లూ కూర్చుని తేల్చుకుంటే పోతుంది, మధ్యలో చట్టం దేనికి? పరిశ్రమలు నడిపేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచుకునే వీలు కల్పిస్తూ మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2025 సెప్టెంబరులో సవరణ ఆమోదించింది. అదే ఏడాది నవంబరు 21 నుంచి, పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాబట్టి దీనికి ఇప్పుడు సూటిగా జవాబు చెప్పుకోవాలి.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. నాట్లు ముమ్మరంగా పడే రోజుల్లో నెల్లూరు జిల్లా కోవూరు, ఇందుకూరుపేట వైపు వెళ్లి చూడండి. కాలవలకు నీళ్లు వదిలాక అందరి మళ్లూ ఇంచుమించు ఒకేసారి నాటాలి. నారు ముదిరితే దిగుబడి తగ్గుతుంది కాబట్టి రైతు ఆగలేడు. ఆడకూలీల ముఠా ఎకరాకు ఇంత అని చెబుతుంది, రైతు ఇంకాస్త తగ్గించమంటాడు. “కుదరకపోతే చెప్పన్నా, పక్క చేలోవాళ్లు పొద్దుట్నుంచి పిలుస్తా ఉండారు” అంటుంది ముఠా పెద్ద. కాసేపట్లో రేటు తేలిపోతుంది. ఇక్కడ ఏ అధికారీ రానక్కర్లేదు. పని ఇచ్చేవాళ్లు పదిమంది ఉన్నారు, కూలీలు కూడబలుక్కుని వచ్చారు, ఈ పని కాకపోతే ఇంకో పని ఉంది. దీన్ని స్వేచ్ఛగా జరిగిన బేరమంటే నేనూ ఒప్పుకుంటాను.

అవే కుటుంబాల ఆడవాళ్లు రొయ్యల షెడ్డుకు వెళ్తే పరిస్థితి తిరగబడుతుంది. చెరువులో పట్టుబడి ఎప్పుడైతే అప్పుడే షెడ్డులో పని, దానికి వేళాపాళా ఉండదు. తల తీసి, తొక్క ఒలిచి, నరం లాగే పనికి చాలాచోట్ల కిలోకు ఇంత అని లెక్క కడతారు. 40 కౌంటు రొయ్య అయితే కిలోకు దాదాపు నలభై ఒలవాలి. 100 కౌంటు వచ్చిందంటే వంద ఒలిస్తేగానీ కిలో కాదు. చిన్న రొయ్యకు రేటు కాస్త పెంచినా, పట్టే సమయం పెరిగినంతగా పెరగదు. ఏ కౌంటు వస్తుందో, ఏ వేళకు వస్తుందో ఆమె చేతిలో ఏమీ లేదు. గంటల తరబడి ఐసునీళ్లలో నాని వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చర్మం చిట్లుతుంది. రేటు గురించి అడుగుదామంటే ఎదురుగా ఉండేది మేస్త్రి. అతనికీ కంపెనీకీ మధ్య ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. రాత్రి పదింటికి “నేనిక ఇంటికి పోతాను” అనాలన్నా, ఊరికి చేర్చాల్సిన వ్యాను సరుకు అయిపోతేగానీ కదలదు.

ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చి కంపెనీ గదుల్లోనే ఉంటున్న అమ్మాయికి ఆ వ్యాను కూడా లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లదీ ఇదే కథ. పని పోతే ఆ రాత్రి తలదాచుకునే చోటు కూడా పోతుంది. అలాంటివాళ్లు ఒప్పుకున్న రేటును ఒప్పందం అని ఎలా అంటాం?

ఒక పక్షం ఆగగలిగి, రెండో పక్షం ఆగలేనప్పుడు బేరం ఎటు మొగ్గుతుందో ప్రకాశం రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పొగాకు గ్రేడు వ్యాపారే నిర్ణయించి, ధరా అతనే నిర్ణయించిన కాలాన్ని ఒంగోలు, టంగుటూరు, కొండపి పెద్దలు చూశారు. అందుకే 1975లో పొగాకు బోర్డు చట్టం వచ్చింది, 1980ల మధ్యలో వేలం కేంద్రాలు వచ్చాయి. 2025లో హెచ్‌డీ బర్లీ నల్ల పొగాకు కొనడానికి కంపెనీలు వెనకాడినప్పుడు మన రైతులు, పక్కనున్న పర్చూరు రైతులు ప్రభుత్వమే కొనాలని పట్టుబట్టారు. పంటలు కొనే రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగింది. రైతూ కంపెనీ స్వేచ్ఛగా తేల్చుకోనివ్వండి అని అప్పుడు ఎవరైనా అని ఉంటే అది దారుణమయ్యేది. పొగాకు బేలు కొన్ని నెలలైనా ఇంట్లో పడి ఉంటుంది, ఇవాళ్టి పనిని మాత్రం కూలీ రేపటికి దాచుకోలేడు. పంటకు కనీస ధర న్యాయమైతే శ్రమకు కనీస వేతనం అంతకంటే న్యాయం.

కార్మికులే తక్కువకు ఒప్పుకుంటే మీకేంటి అనే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు 1950ల్లోనే వచ్చింది. రాజస్థాన్‌లో ఇప్పుడు భాగమైన అజ్మీర్ రాష్ట్రంలో బిజయ్ కాటన్ మిల్స్ కార్మికులకు నెలకు 56 రూపాయలు కనీస వేతనంగా నిర్ణయించారు. అంత ఇవ్వలేమని యాజమాన్యం మిల్లు మూసింది. చాలామంది కార్మికులు 35 రూపాయలకే చేస్తామని ముందుకొచ్చారు. ఆకలి ఎంతగా ఒప్పిస్తుందో చూడండి. అయినా కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. కనీస వేతనం వదులుకుంటూ రాసుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే రాశారు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ పి.ఎన్.భగవతి ఇంకో అడుగు ముందుకేశారు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నారు. మనిషిని కట్టేసి చేయించనక్కర్లేదు, పేదరికం కట్టేసినా అది బలవంతమే అన్నది ఆ తీర్పు సారం.

యజమానుల వైపు నుంచి బలమైన మాటలు రెండున్నాయి. మొదటిది మార్కెట్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీద రొయ్య ధర పడిపోయింది, షెడ్లలో పని తగ్గింది. ఆ దెబ్బ నిజమైనదే. కానీ దాన్ని తట్టుకోవడానికి ఎగుమతిదారుకు బ్యాంకు ఉంది, గోదాము ఉంది, ఇంకో దేశం మార్కెట్ ఉంది. కిలోకు ఇంత అని ఒలిచే మనిషికి ఆ పూట కూలి తప్ప ఇంకేమీ లేదు. నష్టాన్ని మొదట ఆమె మీదకే నెట్టడం ఏ లెక్కన న్యాయం?

రెండో మాట, “వాళ్లే ఓటీ కావాలని అడుగుతున్నారు సార్” అని. అవును, అడుగుతారు. ఎనిమిది గంటల కూలితో ఇల్లు గడవదు కాబట్టే అడుగుతారు. ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలన్న నిబంధన ఉన్నదే ఇందుకు. అదనపు గంట ఖరీదైతే, రోజూ ఉన్నవాళ్లనే పిండేకంటే ఇంకో ఇద్దరిని పనిలోకి తీసుకోవడం నయమని యజమానికి అనిపిస్తుంది. ఆ రెట్టింపును బేరానికి వదిలేస్తే ఆ గంట మామూలు గంటల్లో కలిసిపోతుంది.

రాత్రులు, ఆదివారాలు, సెలవు రోజుల పనికి అదనంగా ఇచ్చే దాన్ని ఆస్ట్రేలియాలో పెనాల్టీ రేట్లంటారు. 2006లో అక్కడి ప్రభుత్వం వర్క్‌చాయిసెస్ పేరుతో ఒక్కో కార్మికుడితో విడివిడిగా ఒప్పందం రాసుకునే పద్ధతిని విస్తరించింది. ఆ ఒప్పందాల్లో కొన్నింటిని తీసి చూస్తే సగానికి పైగా వాటిలో పెనాల్టీ రేట్లు ఎగిరిపోయాయని తేలింది. 2007 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడింది, ప్రధాని జాన్ హోవార్డ్ సొంత సీటు కూడా పోయింది. చదువు, యూనియన్లు, సామాజిక భద్రత అన్నీ ఉన్న దేశంలోనే విడిగా నిలబడ్డ కార్మికుడు అంత పోగొట్టుకుంటే, మన దగ్గర ఏం మిగులుతుంది?

అలాగని బేరమే వద్దనడం లేదు. కనీస వేతనం, ఓటీ రెట్టింపు, వారానికో సెలవు, వీటి జోలికి ఎవరూ రాకూడదు. ఆ పైన ఎంత కావాలంటే అంత బేరమాడుకోవచ్చు, కాకపోతే కలిసి ఆడాలి. ఇప్పుడు రొయ్యల చెరువులు పరుచుకున్న విడవలూరు మండలంలోనే పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు ఉంది. వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టే పని ఆయన ఆ ఊళ్లోనే మొదలుపెట్టారు. ఆ పక్క ఊళ్ల షెడ్లలో ఇప్పుడు నలుగురు కలిసి రేటు అడిగితే మర్నాడు వ్యాను వాళ్ల ఇంటి ముందు ఆగుతుందన్న నమ్మకం లేదు. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ముందు సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించి మాట్లాడాలి.

కిలోకు ఇంత అని కట్టే పీస్ రేటు పనికి గంటల లెక్క కుదరదంటారు. కుదురుతుంది. ముందు నెలలో అదే పనికి రోజుకు సగటున ఎంత వచ్చిందో చూసి, దాన్ని బట్టి ఓటీ కట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ఏనాడో చెప్పింది. అయితే ఎన్ని గంటలు చేశారో రాసి ఉంటేనే కదా లెక్క! 2025 సవరణ మూడు నెలల్లో చేయించుకోగల ఓటీని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచింది. ఎనిమిది గంటలకు 480 రూపాయలు వచ్చే మనిషికి గంటకు 60, ఓటీ అయితే 120 రావాలి. ఓటీకి కూడా 60 చొప్పునే చేతిలో పెడితే 144 గంటలకు 8,640 రూపాయలు పోయినట్టే, అంటే మూడు నెలల్లో పద్దెనిమిది రోజుల కూలి. గేటు దాటి లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్లిన వేళ, ఒలిచిన కిలోలు, కౌంటు రాసిన చీటీని తెలుగులోనూ ఒడియాలోనూ ప్రతి మనిషికీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. నెల్లూరు తీరంలోని షెడ్ల నుంచే కార్మిక శాఖ ఆ పని మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.