బావ మెయిల్‌లో ఆపిల్ దొంగ

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు లెక్కలు రాసే మా బావకు ఈ లోకంలో రెండింటి మీద నమ్మకం లేదు. ఒకటి లారీల కాటా, రెండోది ఇంటర్నెట్. కాటా మీద అనుమానం ఉద్యోగ ధర్మం. ఇంటర్నెట్ మీద అనుమానం మాత్రం వాట్సాప్‌లో మోసాల కథలు చదివి చదివి పెంచుకున్నది. ఓటీపీ వస్తే తలుపు దగ్గరికేసి చదువుకునే రకం.

ఇంట్లో మూలనపడ్డ కంప్యూటర్‌ను దసరా సెలవులకొచ్చిన మా మేనల్లుడు బతికించాడు. పాత విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాడు. పైన తెరమీద కనబడే రూపం గ్నోమ్ డెస్క్‌టాప్, అందులో గ్నోమ్ వాళ్లదే బ్రౌజర్. 2002లో ఎపిఫనీ అనే పేరుతో పుట్టి, 2012 నుంచి ఉత్త ‘వెబ్’గా చలామణి అవుతోంది. రూపాయి కట్టక్కర్లేదు, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. “పైసల్ తీసుకోకుంట ఎవడన్న ఏమన్న ఇస్తడారా?” అని బావ ఆరోజే అన్నాడట. పిల్లవాడు నవ్వి, హిస్టరీ, సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి పెట్టుకునే కుకీలు తుడిచేసే బటన్ ఎక్కడుందో చూపించి హైదరాబాద్ బస్సెక్కాడు. ఆ బటన్ చూపించకుండా పోయినా బాగుండేది.

మా పెదనాన్న మనవరాలి పెళ్లి కార్డు ఇవ్వడానికి నల్గొండ నుంచి నేను వెళ్లేసరికి టీవీ కట్టేసి ఉంది, అక్క గొంతు తగ్గించి మాట్లాడుతోంది. బావ ఫోన్ నా చేతిలో పెట్టాడు. మెయిల్ వాళ్ల మెసేజ్. మాక్ కంప్యూటర్‌లోని సఫారీ బ్రౌజర్ నుంచి ఎవరో మీ ఖాతాలోకి వచ్చారు, మీరు కాకపోతే పాస్‌వర్డ్ మార్చుకోండి అని.

“మాక్ అంటే ఆపిలోళ్లది. మనింట్ల ఆపిల్ పండ్లే జ్వరమొస్తే తప్ప కొనం బామ్మర్దీ!”

పాస్‌వర్డ్ మార్చలేదా అని అడిగాను. మార్చాడట. మార్చి, హిస్టరీ మొత్తం తుడిచి, మళ్లీ లాగిన్ అయితే అర నిమిషంలో దొంగ కూడా అయ్యాడట. నా ఎదుటే ఇంకోసారి చేశాడు. నేను తెచ్చిన పెళ్లి కార్డు వెనక కొత్త పాస్‌వర్డ్ రాసుకుని, ఎవరూ చూడకుండా భుజం అడ్డం పెట్టి కొట్టాడు. ఎంటర్ నొక్కిన చెయ్యి తీయకముందే ఫోన్ కుయ్యిమంది. సఫారీ, మాక్.

“సూసినవా? నా ఎనకనే ఉన్నడు!”

ఆ వీధిలో ఆపిల్ లాప్‌టాప్ ఉన్నది ఎదురింటి పిల్లవాడికే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దసరాకు వచ్చి వర్క్ ఫ్రం హోమ్ అని ఇక్కడే ఉండిపోయాడు. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు వాళ్ల నెట్ పనిచేయలేదంటే అక్క మన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చిందట. “ఇచ్చింది నువ్వే గదనే!” అని బావ అరిచిన అరుపు ఎదురింటి వరండా దాకా వెళ్లింది. పిల్లవాడు, వాడి వెనకాల వాళ్లమ్మ, ఇద్దరూ వచ్చేశారు. ఆవిడ ముఖం చూస్తే అన్ని మాటలూ వినబడ్డాయని తెలుస్తూనే ఉంది.

పిల్లవాడు మాత్రం మంచివాడు. కుర్చీ లాక్కుని కూర్చుని రెండు నిమిషాల్లో నవ్వేశాడు. “మామా, దొంగ ఈ బ్రౌజరే. గిది సైట్ల దగ్గర తన పేరు సఫారీ అనే చెప్పుకుంటది.”

బల్లమీది పెళ్లి కార్డు తీసి చూపించాడు. పెళ్లి ఇద్దరిదే, కార్డు మీద మాత్రం ఎప్పుడో పోయిన ముత్తాతల పేర్లూ ఉంటాయి కదా, బ్రౌజర్ సైటుకు ఇచ్చే చిరునామా చీటీ కూడా అంతేనట. మోజిల్లా, ఆపిల్ వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెకోలాంటిది, చివరికి సఫారీ. 1990ల్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ చెప్పుకునే మోజిల్లా అన్న పేరు చెప్పినవాళ్లకే కొన్ని సైట్లు మంచి పేజీ ఇచ్చేవి. దాంతో వచ్చిన ప్రతి బ్రౌజరూ నేనూ మోజిల్లానే అంది. ఆ అబద్ధం ఇప్పటికీ అందరూ చెబుతూనే ఉన్నారు. లైనక్స్ అంటే కొన్ని సైట్లు మొబైల్ పేజీ ఇచ్చి పంపిస్తాయని, అలాంటి చోట ఈ బ్రౌజర్ ఏకంగా మాక్ అనే చెబుతుంది. ఇక బావ ప్రతిసారీ కుకీలు తుడిచేస్తుంటే మెయిల్ వాళ్లకు ప్రతిసారీ కొత్త మనిషే కనబడుతున్నాడు.

“అంటే మనం ఆపిలోళ్ల పేరు వాడుకుంటున్నమా? కేసయితదేమోరా!” బావకు కొత్త టెన్షన్.

“కాదు మామా, చుట్టరికం నిజమే. కేడీఈ అని ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్ ఉంది. వాళ్లు కాంకరర్ బ్రౌజర్ కోసం రాసుకున్న, పేజీలు చూపించే కేహెచ్‌టీఎంఎల్ ఇంజిన్‌ను ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది. 2003లో సఫారీ వచ్చింది దానిమీదే. ఈ గ్నోమ్ బ్రౌజర్ కూడా 2009లో వెబ్‌కిట్‌కు మారింది.”

బావ కాసేపు లెక్క కట్టాడు. “అంటే ముందుగాల తీసుకపోయింది ఆపిలోడే. నేననలే, దొంగ ఆపిలోడే అని?”

లైసెన్స్ ప్రకారమే తీసుకున్నారని పిల్లవాడు చెబుతూనే ఉన్నాడు. బావ వినే స్థితిలో లేడు, గెలిచాడు.

వాళ్లమ్మ ముడుచుకున్న ముఖం మాత్రం విప్పలేదు. అక్కకు అది అర్థమై, చాయ్ ఇచ్చి, పిండివంటలు పెట్టి, ఆఖరికి బల్లమీది కార్డుకు బొట్టుపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. “మా తమ్ముని ఇంటి పెండ్లి వదినా, మీరు తప్పకుండ రావాలె.” ఆవిడ కార్డు తీసుకుని వెళ్లిపోయింది.

రాత్రి అన్నాల వేళ బావ ఫోన్‌లో మెయిల్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. పొద్దున మిల్లు ఓనర్‌కు ధాన్యం లెక్కలు పంపాలి. బల్ల వెతికాడు, సొరుగు వెతికాడు, నా సంచీ కూడా వెతికాడు. తర్వాత అక్క వైపు చూశాడు. అక్క ఎదురింటి వైపు చూసింది.

బావ చొక్కా వేసుకుని వీధి దాటాడు. నేను గేటు దగ్గర నిలబడి విన్నాను.

“చెల్లే, గా పెండ్లి కార్డు ఒక్కసారి ఇస్తవా? ముహూర్తం చూసుకోవాలె.”

“కార్డెందుకన్నా? మా పిలగాడు సదివి చెప్తడు తియ్,” అందావిడ. “ముందు సదవాల్నా, ఎనక సదవాల్నా?”