జిమ్ మానేసిన రోజు ఎలా ఉంటున్నాడో చూశారా?

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో హాస్టల్లో ఉండే కుర్రాడు రాత్రి మెస్‌లో అన్నం మానేసి, రెండు పూటలా జిమ్‌కి వెళ్తున్నాడంటే ఇంట్లో ఎవరూ కంగారుపడరు, పైగా సంబరపడతారు. సిగరెట్టు లేదు, మందు లేదు, ఇంకేం కావాలి? ఆడపిల్ల తిండి మానేస్తే అమ్మ ఒక మాటన్నా అంటుంది గానీ, పెళ్లిలో కనబడ్డ పిన్నులు మాత్రం ‘భలే సన్నబడ్డావే’ అని మెచ్చుకుంటారు. ఈ మెచ్చుకోళ్ల వల్లే వ్యాయామ వ్యసనం, తిండి జబ్బులు బయటపడట్లేదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కువసేపు వ్యాయామం చేసినంత మాత్రాన వ్యసనం కాదు, అలా అయితే క్రీడాకారులంతా రోగులే. మానాల్సి వచ్చిన రోజు ఏమవుతోందో చూడాలి. 2002లో హౌసెన్‌బ్లాస్, సైమన్స్ డౌన్స్ అనే పరిశోధకులు తయారుచేసిన 21 ప్రశ్నల స్కేలు మత్తుమందు వ్యసనాన్ని గుర్తించే పద్ధతినే ఇక్కడా వాడింది: మోతాదు పెంచుకుంటూ పోతున్నాడా, ఒక్కరోజు ఆగితే చిరాకు, టెన్షన్ వస్తున్నాయా, స్నేహితుల్నీ చదువునీ వదిలేస్తున్నాడా, మోకాలు వాచినా ఆపట్లేదా. 1970లో బేక్‌లాండ్ అనే పరిశోధకుడు నిద్ర మీద ప్రయోగం కోసం ఒక నెల వ్యాయామం మానమంటే, దాదాపు రోజూ చేసేవాళ్లు డబ్బిస్తానన్నా ఒప్పుకోలేదు!

అయితే ఇది చాలామందిలో ఒంటరిగా రాదు, తిండి భయాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆదివారం బిర్యానీ తిన్న పాపానికి సోమవారం ట్రెడ్‌మిల్ మీద శిక్ష వేసుకోవడాన్ని మన కుర్రాళ్లు ‘కటింగ్’ అంటారు, డిసిప్లిన్ అంటారు. కానీ బులీమియా అనే తిండి జబ్బు అంటే వేళ్లు పెట్టుకుని వాంతి చేసుకోవడం ఒక్కటే కాదు, అదుపు తప్పి తినేసి దాన్ని కరిగించడానికి విపరీతంగా వ్యాయామం చేయడం కూడా అందులోకే వస్తుంది. కండలు తిరిగిన వాడికి అద్దంలో తను బక్కగానే కనిపించే జబ్బు కూడా ఉంది, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే 2013 నాటి పుస్తకం డీఎస్ఎం-5లో దానికి చోటుంది. ఇక అమ్మాయిలకి నెలసరి ఆగితే వెంటనే ‘పీసీఓడీ అయ్యుంటుంది, ఇంకాస్త బరువు తగ్గు’ అనే సలహా వస్తుంది. చాలినంత తినకుండా ఒళ్లు అలిసేలా కష్టపడ్డా నెలసరి ఆగుతుంది, అలాంటి పిల్లకి ఆ సలహా ఎంత ప్రమాదం! మగపిల్లల్లోనూ హార్మోన్లు తగ్గుతాయి, ఎముకలు బలహీనపడతాయి.

కాలేజీ మెడికల్ క్యాంపుల్లో బరువు, బీపీ చూసి పంపేస్తారు. తిండి జబ్బుల్ని పసిగట్టడానికి 1999 నుంచి వాడుకలో ఉన్న స్కాఫ్ అనే ఐదు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు: పొట్ట నిండిందని కావాలని వాంతి చేసుకుంటున్నావా, తిండి మీద అదుపు పోయిందని దిగులుందా, 3 నెలల్లో 6 కిలోలకు పైగా తగ్గావా, అందరూ సన్నమంటున్నా లావనిపిస్తోందా, రోజంతా తిండి ఆలోచనేనా. కనీసం రెండింటికి అవునంటే డాక్టర్ దగ్గరికి పంపాలి, జబ్బుందని అప్పుడే ముద్ర వేయకూడదు. వార్డెన్ అందరి ముందు నిలబెట్టి అడిగేటట్టయితే మాత్రం, అడక్కపోవడమే మేలు.

బాగా చిక్కిపోయిన పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చి నెయ్యీ ముద్దపప్పూ కూరేయడం మనవాళ్లకి అలవాటు. చాలా రోజులు సరిగ్గా తినని ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందు రక్తపరీక్షలు చేయించి డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచాలి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.