టేకు సొరుగుకు డవ్‌టెయిల్: ఉలితోనా, రౌటర్ జిగ్‌తోనా?

ఒక వడ్రంగి షెడ్డుకు 24 టేకు సొరుగుల ఆర్డరు వచ్చింది. ముందు మూలలన్నీ డవ్‌టెయిల్ జాయింట్‌తోనే, అంటే పావురం తోకలా విచ్చుకున్న పళ్లు గూళ్లలో ఇరుక్కునే అతుకుతోనే ఉండాలని ఇంటివాళ్ల షరతు. న్యాయమైన షరతే. సొరుగును రోజూ ముందుకే లాగుతాం. పక్కపలక కొసన తోకలు వెడల్పుగా విచ్చుకుని ముఖపలక గూళ్లలో ఇరుక్కుని ఉంటే ఆ లాగుడుకు ఊడిరావు. మేకు కొట్టిన మూల మాత్రం కొన్నేళ్లకు కదులుతుంది. తేలాల్సింది ఒకటే, ఆ తోకలు ఎలా కోయాలి? బాబాయిది రంపం, ఉలి పక్షం. అన్న కొడుకు రౌటర్ జిగ్ కొందామంటున్నాడు. రౌటర్ అంటే వేగంగా తిరిగే బిట్‌తో, అంటే కోత మొనతో, చెక్కను తొలిచే మెషీన్. జిగ్ అంటే పలకలను బిగించి, రౌటర్‌కు దారి చూపే చట్రం.

అబ్బాయి: 24 సొరుగులంటే ముందు మూలలే 48, బాబాయ్. మూలకు ముప్పావుగంట వేసుకున్నా 36 గంటల పని. జిగ్‌లో పక్కపలకను నిలువుగా, ముఖపలకను పైన పడుకోబెట్టి బిగిస్తే చాలు. పైన టెంప్లేట్ ఉంటుంది, వేళ్లలాంటి పళ్లున్న అచ్చు. రౌటర్ ఆ వేళ్ల మధ్య తిరిగి వచ్చేసరికి తోకలూ తెగుతాయి, గూళ్లూ తెగుతాయి. ఒకే బిట్, ఒకే బిగింపు.

బాబాయి: ఆ బిగింపు కుదిరేదాకా ఎంత చెక్క తగలేస్తావో కూడా కలుపు లెక్కలో.

అబ్బాయి: తగలేసేది పనికిరాని ముక్కలేగా. అరంగుళం బిట్‌ను మూడు నూళ్ల (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) లోతుకు పెట్టి ఓ ముక్క కోసి చూస్తాం. జాయింట్ వదులుగా ఉంటే బిట్‌ను ఇంకొంచెం కిందికి దించాలి, బిగువుగా ఉంటే పైకి ఎత్తాలి. పక్కపలక మూలలో పొడుచుకొచ్చినా, లోపలికి పోయినా టెంప్లేట్‌ను ముందుకో వెనక్కో జరపాలి. సర్దాల్సినవి ఈ రెండే. ఒక్కసారి కుదిరాక 48 మూలలూ ఒకేలా వస్తాయి.

బాబాయి: "ఒకేలా" అన్నావు చూడు, నా అభ్యంతరం అక్కడే. ఒకేలా రావాలంటే పలకలన్నీ ఒకేలా ఉండాలి. సామిల్లు నుంచి వచ్చిన టేకును ఎప్పుడైనా కొలిచావా? అరంగుళం అని తెచ్చిన పలకే ఒక చివర నాలుగు నూళ్లు, ఇంకో చివర నాలుగున్నర ఉంటుంది. జిగ్‌లో గూడు పొడవు మారదు. పక్కపలక అర నూలు మందం పెరిగితే మూలలో అర నూలు బయటికి నిలుస్తుంది. పలక అడ్డంగా కాస్త వంగి ఉందనుకో, లోతు ఒక్కో చోట ఒక్కోలా తెగుతుంది. మధ్యలో బిగువు, చివర వదులు. అదే నేనైతే ముందు తోకలు కోస్తాను. ఆ తోకలనే ముఖపలక కొస మీద పెట్టి, చాకుమొనతో చుట్టూ గీసుకుంటాను. రెండో పలక మొదటి పలకను చూసి తయారవుతుంది. మందం కాస్త అటూ ఇటూ అయినా ఆ జంట ఆ జంటకు సరిపోతుంది. మూలలకు నంబర్లు వేసుకుంటే చాలు.

అబ్బాయి: అది ఒప్పుకుంటాను. కానీ అది జిగ్ తప్పు కాదు, మనం చెక్క సిద్ధం చేసే పద్ధతి తప్పు. పలకలన్నీ ప్లేనర్‌లో ఒకే మందానికి తీసుకుందాం.

బాబాయి: అయితే జిగ్‌తో పాటు మందం తీసే మెషీనూ కావాలన్నమాట. ఆ ఖర్చు ఇందాక నీ లెక్కలోకి రాలేదు.

(ఈ చోట నేను బాబాయి వైపే. జిగ్ కొన్నవాళ్లు చాలామంది మొదటి నెలలో జిగ్‌ను తిడతారు. అసలు లోపం పలకలో ఉంటుంది. వాదన మిగతా భాగం కన్నా ఈ ఒక్క విషయం ఎక్కువ డబ్బు కాపాడుతుంది.)

అబ్బాయి: మెషీన్ మన దగ్గర లేకపోతే సామిల్లులో తీయించుకుందాం. ఇంకోటి అడుగుతాను. నీ చెయ్యి గట్టిది, నీ మూలలో సందు కనిపించదు. షెడ్డులో మిగతా ఇద్దరి సంగతేంటి? వాళ్ల రంపం గీతకు అటో ఇటో పోతుంది. ఆ సందులో ఫెవికాల్, పొట్టు కలిపి కూరడం నువ్వు చూస్తూనే ఉన్నావు. జిగ్ ఉంటే వాళ్లూ గట్టి మూల కోయగలరు.

బాబాయి: ఆ ఇద్దరి చేతికే నిమిషానికి ఇరవై వేల సార్లు తిరిగే బిట్ ఇస్తావా? ఈ బిట్ కింద వెడల్పు, మెడ దగ్గర సన్నం. మామూలు బిట్‌లా కొంచెం కొంచెం దించుతూ కోయడానికి కుదరదు, మొదటి కోతే పూర్తి లోతులో పడాలి. తిరుగుతుండగా రౌటర్‌ను పైకెత్తారో, తోక పోతుంది, టెంప్లేట్ వేలు పోతుంది, బిట్టే విరిగి ఎగరొచ్చు.

అబ్బాయి: నిజమే, మొదటి పాఠం అదే. బిట్ ఆగేదాకా రౌటర్‌ను ఎత్తకూడదు, పలక వైపు నుంచి వెనక్కే లాగాలి. కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు. టేకు పొట్టు కొందరికి ఒంటికి పడదు కూడా. నేర్పిద్దాం. ఉలి పట్టడం నేర్పడానికి పట్టేంత కాలం దీనికి పట్టదు.

బాబాయి: సరే, అందం సంగతికి రా. అరంగుళం బిట్ వాలు 14 డిగ్రీలు, అంటే దాదాపు నాలుగుకు ఒకటి. గట్టి చెక్కకు చేత్తో ఎనిమిదికి ఒకటి, మెత్తటి చెక్కకు ఆరుకు ఒకటి పెడతాం. వాలు ఎక్కువైతే తోక మొనలో నార పొట్టిగా తెగి, కొట్టేటప్పుడు చిట్లుతుంది. పైగా జిగ్‌లో తోక, పిన్ను (ముఖపలకలో గూళ్ల మధ్య మిగిలే పన్ను) రెండూ ఒకే లావు. నేను కోస్తే పిన్ను కొసను రంపం మందానికి తేగలను. సన్నటి పిన్నుల మధ్య వెడల్పాటి తోకలుంటే, సొరుగు లాగగానే చేతిపని అని తెలుస్తుంది. బిట్ మెడ కన్నా సన్నటి సందులో రౌటర్ దూరనే దూరదు.

అబ్బాయి: కోసేటప్పుడు చిట్లకుండా ముందు, అదే పూర్తి లోతులో, పలక అంచు వెంట ఒక పలచటి కోత వేసుకోవచ్చు. వాలు తక్కువున్న బిట్లూ ఉన్నాయి. కెనడా లీ కంపెనీ జిగ్‌లో వేళ్లను ఒక్కొక్కటిగా జరుపుకుని, తోకలు ఒకటి వెడల్పుగా, ఒకటి ఇరుకుగా పెట్టుకోవచ్చు. పిన్ను సన్నదనం మాత్రం నీదే గెలుపు, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ బలం పిన్ను సన్నదనంలో లేదు బాబాయ్. చెక్కకు చెక్క ఆనుకుని జిగురు పట్టే వైశాల్యంలో ఉంది. సమానమైన తోకలు, పిన్నులు అందులో తక్కువేం కావు.

బాబాయి: బలం గురించి నేను వాదించట్లేదు. ఆర్డరిచ్చిన మనిషి సొరుగు లాగి చూసేది మూలనే.

అబ్బాయి: మెషీన్ మూల అందంగా ఉండదన్నది అలవాటు మాటే. అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన చార్లెస్ నాప్ 1867లోనే సొరుగు మూలలు కోసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కోసిన మూల అసలు తోకలాగే ఉండదు, అర్ధచంద్రాల్లో గుండ్రటి పిన్నులు. పాత సామాను సేకరించేవాళ్లు ఇవాళ ఆ మూలను చూసే బీరువా కాలం చెబుతున్నారు.

బాబాయి: ఆ తర్వాత ఫ్యాక్టరీలన్నీ ఆ గుండ్రాలు వదిలేసి, చేతి తోకను పోలిన మూల కోసే యంత్రాలకు మళ్లాయిగా. జనం కోరిందేమిటో అక్కడే తెలుస్తోంది. సరే, నీ టెంప్లేట్‌లో తోకకూ తోకకూ ఎంత దూరం?

అబ్బాయి: ఏడు నూళ్లు. అంగుళానికి ఒక నూలు తక్కువ.

బాబాయి: డ్రాయింగ్‌లో సొరుగు ఎత్తు ఆరంగుళాలు. ఏడు నూళ్లతో భాగిస్తే తెగదు. పైన సగం పిన్ను వస్తే కింద తోక ముక్క మిగులుతుంది. ఆ మూల ఇంటివాళ్లకు చూపిస్తావా?

అబ్బాయి: చూపించను. ఎత్తే మారుద్దాం. ఆరంగుళాల ఒక నూలు చేస్తే సరిగ్గా ఏడు తోకలు పడి, రెండు చివరలా సగం పిన్నులు వస్తాయి. చిన్న సొరుగులు కావాలంటే ఐదుంబావు, పెద్దవి కావాలంటే ఏడు అంగుళాలు పెట్టినా ఇలాగే తెగుతుంది. డ్రాయింగ్ ఇంకా ఖాయం కాలేదు, నేను మాట్లాడతాను.

బాబాయి: జిగ్ కోసం సొరుగు కొలత మార్చడం నాకు నచ్చదు. సొరుగు కోసం జిగ్ ఉండాలి.

అబ్బాయి: ఒక్క నూలు తేడాకు ఇంటివాళ్లు కాదనరు. కాదంటే ఆ సైజు సొరుగులు నువ్వే కోయి.

బాబాయి: అయితే నా షరతులు విను. పలకలన్నీ ఒకే మందానికి వచ్చాక, కొన్ని రోజులు షెడ్డులోనే ఆరనిచ్చి, మళ్లీ కొలిచాకే జిగ్‌లో బిగించాలి. టేకులో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, మామూలు స్టీలు బిట్ మొనను త్వరగా తినేస్తుంది. అందుకని కార్బైడ్ మొనల బిట్లే తేవాలి. టేకుకు నూనె గుణం కదా, జిగురు పెట్టే ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. పూజగది బల్లకున్న రెండు సొరుగులు మాత్రం చేత్తోనే, నా చేత్తోనే.

అబ్బాయి: ఆ రెండూ నీవే. పిన్నులు ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా కోసుకో. మిగతా 22కి రేపే సామిల్లుకు పలకలు పంపిస్తాను.

బాబాయి: తిరిగొచ్చాక లోపలి ముఖాలకు గుర్తు పెట్టు. జిగ్‌లో లోపలి ముఖమే బయటికి కనిపించేలా బిగించాలి. కుడి, ఎడమ పలకలు తారుమారైతే సొరుగు తిరగబడి తయారవుతుంది.