మేనల్లుడికి కుర్చీ, అడిగినవారికి గేటు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరిహద్దులోని ఓ మందుల కంపెనీలో ఈ వారం జరిగినదాన్ని లోపలి గొడవగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎనిమిదేళ్లుగా ప్రొడక్షన్‌లో పనిచేస్తున్న ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ఒక కాగితం రాసిచ్చారు. జీతం పెంచమని కాదు, పర్మనెంట్ చేయమనీ కాదు. షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయినప్పుడు తమను కనీసం ఇంటర్వ్యూకైనా ఎందుకు పిలవలేదని అడిగారు. ఆ కుర్చీలో కూర్చున్నది ఒక పెద్ద మేనేజరు మేనల్లుడు. ఏడాది కిందట ట్రైనీగా వచ్చిన ఆ అబ్బాయికి పని నేర్పింది ఈ ఇద్దరే. కాగితం ఇచ్చిన మూడోరోజు ఉదయం గేటు దగ్గర వాళ్ల కార్డులు పనిచేయలేదు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే ‘పైనుంచి వద్దన్నారు’ అని పెట్టేశాడు. నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. ఎనిమిదేళ్ల పనికి దక్కిన మర్యాద ఇది!

ఆ ప్లాంటులో మూడు నెలల షిఫ్ట్ చార్టులు మేం చూశాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఉండే ‘సి’ షిఫ్టులో ప్రతి వారం దాదాపు అవే పేర్లు. పగటిపూట ఉండే జనరల్ షిఫ్టులోనూ వారం వారం మారని పేర్లే, కాకపోతే వాటి వెనక ఎవరో ఒక మామయ్యో బావో ఉన్నారు. ఒక వారం చార్టులో ఒక పేరు మీద వైట్‌నర్ పూసి, దాని మీద మరో పేరు రాశారు. వైట్‌నర్ కింద ఉన్న పేరు స్టోర్స్ ఇన్‌చార్జి బావమరిదిది. పైన రాసింది, తండ్రికి కంటి ఆపరేషన్ ఉందని ముందే సెలవు అడిగిన కుర్రాడిది. పైడితల్లి జాతరకు తొలేళ్ల నాడు, సిరిమాను నాడు సెలవు కోసం అందరూ అడుగుతారు. ఎవరికి దొరుకుతుందో అక్కడ ముందే చెప్పేయగలరని కార్మికులు అంటున్నారు. ఈ చిన్న చిన్న అవమానాలే మనిషిని లోపల తినేస్తాయి. రాత్రి డ్యూటీ చేసిన అలసట నిద్రపోతే తీరుతుంది. పక్కవాడికి ఆ డ్యూటీ ఎందుకు పడదో తెలిసి కూడా నోరు మూసుకోవాల్సి రావడం మాత్రం నిద్రపోయినా తీరదు.

యజమాని సొంత డబ్బు పెట్టాడు, నమ్మకమైనవాళ్లను పెట్టుకుంటే తప్పేమిటని వాదించేవాళ్లున్నారు. బంధువైనంత మాత్రాన చేతకానివాడు కాడన్నదీ నిజమే. చేతనైనవాడైతే నలుగురితో పాటు ఇంటర్వ్యూలో కూర్చోబెట్టడానికి భయమెందుకు? అదీగాక ఇక్కడ చుట్టాలను నింపుతున్నది యజమాని కాదు. తానూ నెల జీతానికి పనిచేసే మేనేజరు, హెచ్‌ఆర్ అధికారి, కాంట్రాక్టరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఈ పరిశ్రమల కింద ఉన్న నేల ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల రైతులదన్న సంగతి కూడా మర్చిపోవద్దు.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్నది ఈ ఒక్క ప్రమోషన్ కాదు, ఇది రివాజు కావడం. అడిగినవాణ్ని గేటు బయట నిలబెట్టి ఒక కంపెనీ తప్పించుకుంటే, పక్క కంపెనీ మేనేజరు రేపు కాగితం దాకా కూడా రానివ్వడు. ఇది బల్క్ డ్రగ్, అంటే మందుల్లో వాడే ముడి రసాయనం తయారయ్యే చోటు. రియాక్టర్‌లో ఉష్ణోగ్రత ఎగబాకుతుంటే కూలింగ్ ఎప్పుడు ఇవ్వాలో, సాల్వెంట్ వాసన తేడాగా ఉంటే ఎవరిని ఖాళీ చేయించాలో అనుభవం ఉన్నవాడే చెప్పాలి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీలో పేలుడుకు 17 మంది చనిపోయారు. అక్కడి కారణాలు వేరు, ఈ విషయంతో దాన్ని ముడిపెట్టడం లేదు. కానీ ఈ పనిలో పొరపాటు ఎంత ఖరీదైనదో ఉత్తరాంధ్రలో ఇంకొకరు చెప్పాలా? చుట్టరికం చూసి ఇన్‌చార్జిని పెట్టడం అంటే ఆ షిఫ్టులో ఉన్న అందరి ప్రాణాలతో ఆడుకోవడం.

పదవులు వంశం చూసి ఇవ్వడం తెలుగు నేలకు కొత్త కాదు. 1895 నాటి మద్రాసు చట్టం గ్రామోద్యోగాలను వారసత్వం చేసింది. మునసబు కొడుకు మునసబు, కరణం కొడుకు కరణం. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి కోసం గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కేవలం వంశం ఆధారంగా ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థనే రద్దు చేసింది. ఊరి మధ్య నుంచి అలా తీసేసిన వారసత్వం ఇప్పుడు ఫ్యాక్టరీ గేటులోంచి, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల్లోంచి తిరిగి వస్తోంది.

ప్రైవేటు కంపెనీకి 16వ అధికరణ వర్తించదు కదా అంటారు. కార్మిక చట్టం వర్తిస్తుంది. ప్రతిభతో నిమిత్తం లేకుండా ఒక వర్గం కార్మికుల పట్ల పక్షపాతం చూపడం అనుచిత కార్మిక విధానమని పారిశ్రామిక వివాదాల చట్టం అయిదో షెడ్యూల్ రాసిపెట్టింది. శాశ్వత హోదా దక్కకుండా ఏళ్ల తరబడి బదిలీ (రానివారి బదులు పనిచేసే), క్యాజువల్ కార్మికులుగా ఉంచేయడమూ ఆ జాబితాలోనే ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇవి కొనసాగాయి. నెల్లిమర్ల జూట్ మిల్లును ఎరిగిన ఈ ప్రాంతానికి బదిలీ కార్మికుడి బతుకు ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఒకటే, కాంట్రాక్టరు అనే గోడ. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కంపెనీయే కట్టాలని 1970లోనే చట్టం చేశారు. ప్రమోషన్ ఎగ్గొడితే, నోరెత్తినందుకు పని పీకేస్తే, ‘వాడు మా కార్మికుడు కాడు’ అని కంపెనీ చేతులెత్తేస్తోంది. పని చేయించుకునేటప్పుడు మాత్రం మనవాడే!

ప్రభుత్వ కార్యాలయాలు ఇంతకంటే గొప్పగా ఉన్నాయని మేం అనడం లేదు. అవుట్‌సోర్సింగ్‌లో దళారులను తీసేస్తామంటూ 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థను ప్రారంభించారు. అయినా అవుట్‌సోర్సింగ్ పోస్టు ఖాళీ అయిందంటే మన జిల్లాల్లో నిరుద్యోగి ముందుగా వెతికేది నోటిఫికేషన్ కాదు, ఏ నాయకుడి ఇంటికి వెళ్లాలా అని. పార్టీ మారినప్పుడల్లా సిఫారసు చేసే ఇల్లు మారుతుంది, అంతే. రాజకీయాల్లో వారసులను తిట్టుకుంటాం గానీ, ఆ వారసుడు కూడా అయిదేళ్లకోసారి ఓటరు గుమ్మం ఎక్కాలి. ఆఫీసు కుర్చీలో కూర్చున్న మేనల్లుణ్ని ఎవరు దించాలి? ఎవరికి జవాబు చెబుతాడు?

భోగాపురం విమానాశ్రయంతో వచ్చే ఉద్యోగాల మీద ఎన్నో ఊళ్లు ఆశ పెట్టుకున్నాయి. భూములిచ్చిన కుటుంబాల పిల్లలు ఐటీఐలు, డిప్లొమాలు చేసి కూర్చున్నారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో రాష్ట్రం చట్టం కూడా చేసింది. స్థానికుడంటే స్థానిక నాయకుడి బంధువు అనే అర్థం స్థిరపడిపోతే ఆ శాతాలు ఎవరికి కావాలి? ఇప్పటికే మన కుర్రాళ్లు చెన్నై, హైదరాబాద్ బిల్డింగ్ పనులకు పోతున్నారు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోయి, 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఇంటి పక్కన ఫ్యాక్టరీ పెట్టి, అందులో మంచి పోస్టులన్నీ చుట్టాలకు పంచి, మిగిలినవాళ్లను మళ్లీ రైలెక్కించడానికేనా ఈ అభివృద్ధి? ఈ రివాజును ఈ ఫ్యాక్టరీలో ఆపకపోతే రేపు ఆ విమానాశ్రయంలో ఆపలేరు.

ఆ ఇద్దరినీ వెంటనే పనిలోకి తీసుకోవాలి. పోయిన రోజుల వేతనం ఇవ్వాలి. ఇన్‌చార్జి పోస్టుకు అర్హులందరినీ పిలిచి మళ్లీ ఇంటర్వ్యూ జరపాలి, మేనల్లుడు కూడా వచ్చి కూర్చోవచ్చు. షిఫ్ట్ చార్టు నెల ముందే నోటీసు బోర్డు మీద ఉండాలి, దాని మీద వైట్‌నర్ పడకూడదు. ఫిర్యాదు అందలేదని కార్మిక శాఖ అధికారులు చెప్పే మాట మేం ఒప్పుకోం. ఫిర్యాదు రాస్తే ఏమవుతుందో కళ్లారా చూసినవాళ్లు మీ దగ్గరికి ఎందుకు వస్తారు? మీరే వెళ్లండి. రిజిస్టర్లు తెప్పించండి. ఎమ్మెల్యేలూ, ఎంపీలూ, ఈ వ్యవహారం మీద మీలో ఒక్కరు కూడా ఇంతవరకు పెదవి విప్పలేదు. ఆ కంపెనీల్లో మీ మాట మీద చేరినవాళ్లు ఉండబట్టేనా ఈ మౌనం? కాదంటే, ఇప్పటిదాకా ఎవరెవరికి సిఫారసు లేఖలు ఇచ్చారో ఆ పేర్లు బయటపెట్టండి.